మిస్ రంగనాథం

రంగనాథానికి ఉన్న రోగం ఒక్కటే. ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా నిలబడి, "ఆ అధికారం నీకెవురిచ్చినారు?" అని అడుగుతాడు. కోపంతో అడిగినా బాగుండేది. ఎదుటివాడు నాలుగు తిట్లు తిట్టి తన దారిన తాను పోయేవాడు. రంగనాథం అట్లా కాదు. గొడుగు నేలకు ఆనించి, తల కొంచెం పక్కకు వంచి, నిజంగా తెలుసుకుందామని అడుగుతాడు. జవాబు వచ్చేదాకా కదలడు.

ఒకసారి మాధవరంలో చుట్టాల పెళ్ళికి ఇంటిల్లిపాదీ సిటీ బస్సెక్కారు. కండక్టరు "ఉళ్ళే పోంగ సార్, లోపలికి జరగండి" అన్నాడు. అంతే.

"జరగమనే అధికారం నీకెవురిచ్చినారప్పా?"

"బస్సు కంపెనీ ఇచ్చిందయ్యా!"

"టికెట్ కొట్టే అధికారం ఇచ్చుంటారు. మనుషుల్ని జరిపే అధికారం యాడ రాసుండాది? చూపించు, జరుగుతా."

కండక్టరుకు పౌరుషం వచ్చింది. బస్సును నేరుగా డిపోకి పోనిమ్మని, పై ఆఫీసరునే అడుగుదాం పద అన్నాడు. రంగనాథం మహా సంతోషంగా సరేనన్నాడు. అక్కడ ఆఫీసరు రూలు పుస్తకం వెతికి తీసేసరికి మాధవరంలో తాళి కట్టడమూ అయింది, పంక్తిలో పాయసమూ అయింది. పుస్తకంలో ఆ రూలు నిజంగానే ఉంది. రంగనాథం అది రెండుసార్లు చదివి, కండక్టరుకు దణ్ణం పెట్టి, ఖాళీ బస్సులో లోపలికి జరిగి నిలబడ్డాడు.

అదీ ఆయన తంతు. అధికారం రుజువైతే ఆయనంత వినయశీలి చెన్నపట్నంలో ఉండడు. డాక్టరు ఉప్పు మానమంటే, గోడ మీది డిగ్రీ పటం దింపించి, కింద రిజిస్ట్రారు సంతకం దాకా చదివి, ఆ రోజు నుంచి ఉప్పు ముట్టలేదు. లైబ్రరీలో లైబ్రేరియన్ని అడిగాడు. హైస్కూల్లో హెడ్మాస్టర్ని అడిగాడు. నోటరీ వకీలు ముద్ర వేస్తుంటే చెయ్యి పట్టుకుని అడిగాడు. పెరుమాళ్ కోవెల్లో తీర్థం అర ఉద్ధరిణె పోసినందుకు పూజారి భట్టర్‌ను కూడా అడిగాడు. భట్టర్ మాట్లాడకుండా వేలు పైకి చూపించాడు. రంగనాథం పైకి చూసి, లెంపలు వేసుకుని వచ్చేశాడు.

లోకం నవ్వుకునేది. జయంతికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఇంతమందిని అడిగిన మనిషి, అడగాల్సిన ఒక్కరోజు అడగలేదు. ఆ సంగతి ఆమె ఒక్కతే గుర్తు పెట్టుకుంది.

జయంతి రంగనాథానికి అన్నకూతురు. అన్నదమ్ములు ముగ్గురూ చింతాద్రిపేటలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. పెద్దాయన వరదయ్యకు జార్జి టౌన్లో కాయితాల హోల్‌సేల్ వ్యాపారం. రెండో ఆయన గురుప్రసాద్, జయంతి తండ్రి, ఇంటి ముందుగదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. రంగనాథం చివరివాడు, పెళ్ళి చేసుకోలేదు, హార్బరు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఎనభై ఎనిమిదిలో గురుప్రసాద్ పోయాడు. అప్పుడు జయంతి బి.ఏ. రెండో సంవత్సరం. తల్లి అంతకుముందే లేదు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర వరదయ్య విస్తరి ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "కాలేజీ చాల్లే. మిషన్లు వాడకపోతే తుప్పు పట్టిపోతాయి. రేపట్నించి ఇన్‌స్టిట్యూట్ జయంతి చూసుకుంటాది."

జయంతి చేతిలో అన్నం హస్తం అట్లాగే ఆగిపోయింది. చిన్నాయన వైపు చూసింది. పాలవాణ్ణి అడుగుతాడు, పోస్ట్‌మ్యాన్‌ను అడుగుతాడు, ఇప్పుడు అడగడా? తప్పకుండా అడుగుతాడు. ఇదిగో, తలెత్తాడు. నోరు తెరిచాడు.

"రసం ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నాడు.

ఆమె వేసింది. మర్నాటి నుంచి కాలేజీ లేదు. పదకొండేళ్ళు ఏ ఎస్ డి ఎఫ్ నేర్పింది. వందలమంది పిల్లలు ఆమె దగ్గర నేర్చుకుని డిగ్రీలు పూర్తి చేసి ఆఫీసులకు పోయారు. చిన్నాయన చెడ్డవాడైతే ఎంత బాగుండేది! ద్వేషించి ఊరుకోవచ్చు. ఆయన మంచివాడు, అదే ఒళ్ళు మంట. అప్పటినుంచి ఆయన తెచ్చిన పకోడీ పొట్లం కూడా ఆమె ముట్టేది కాదు.

తొంభైతొమ్మిది వచ్చేసరికి టైపు మిషను గతి అయిపోయింది. ఊరంతా కంప్యూటర్లు. అరవైమంది పిల్లలున్న ఇన్‌స్టిట్యూట్‌లో తొమ్మిదిమంది మిగిలారు. మే నెలలో వరదయ్య రెండో తీర్పు చెప్పాడు. "ఆడి నెల పోనీ. ఆగస్టులో ఆవణి పుట్టగానే మిషన్లు అమ్మేసి ముందుగది మన వెంకట్రామ్‌కి ఇచ్చేద్దాం. సెల్‌ఫోన్ల షాపు పెడతానంటా ఉండాడు. జయంతి లోపల పెద్దమ్మకు తోడుగా ఉంటాది." వెంకట్రామ్ అంటే ఆయన కొడుకు. తోడుగా ఉండడం అంటే ఏమిటో జయంతికి తెలుసు. పొద్దున ఇడ్లీపిండి, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పెద్దమ్మ మోకాళ్ళకు నూనె. జీవితాంతం.

ఆమె చేతనైంది చేసింది. నుంగంబాకంలో ఒక కంపెనీ ఉంది. అమెరికా కోర్టుల్లో వకీళ్ళూ సాక్షులూ మాట్లాడిన మాటలు క్యాసెట్లలో వస్తాయి, విని టైపు కొట్టి పంపాలి. పరీక్షకు పోతే ఆమె వేళ్ళ వేగం చూసి అక్కడివాళ్ళు లేచి నిలబడ్డారంట. ఉత్తరం మాత్రం ఇట్లా వచ్చింది: మీ స్పీడు చాలా బాగుంది, కానీ డిగ్రీ లేదు, అమెరికా కోర్టులూ సర్కారూ గురించి చదివినట్టు ఏ ఆధారమూ లేదు, అక్కడి కాలేజీలో ఒక్క పేపరు పాసై ఉన్నా ఆగస్టు ఆఖరులోగా మళ్ళీ రావచ్చు.

"అమెరికా కాలేజీ అంట! పక్కవీధిలో ఉండాది, పోయొస్తా" అని ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పారేసింది.

సరిగ్గా పదిరోజులకు రంగనాథం కొత్త గొడుగు కొనుక్కుని వచ్చి ప్రకటించాడు. "నేను అమెరికాలో చదువుతా ఉండా."

"ఎవరూ, నువ్వా?" అంది పెద్దమ్మ.

"కంప్యూటర్లో వదినా. ఆడి కాలేజీవాళ్ళు ఇంటర్నెట్‌లో పాఠం పెడతారు. అమెరికా సర్కారు ఎట్లా నడుస్తాదో మొదట్నించి చెప్తారు. ఎవరికి ఏ అధికారం, అది ఎవురిచ్చినారు, అంతా రాసుంటాది వదినా! ఎనిమిది వారాలు."

 జయంతికి కూటికి కావలసిన కాయితం ముక్క ఈయనకు ఆటబొమ్మ. అడిగితే తన పేరు కూడా కట్టి ఉండేవాడేమో. కానీ రసం అడిగిన మనిషిని ఆమె ఏ నోటితో అడుగుతుంది?

ఫీజు డాలర్లలో కట్టాలి. బ్యాంకులో ఆఫీసరు కళ్ళజోడు మీదుగా చూసి, "పరాయి దేశానికి డాలర్లు పంపే అధికారం మీకెక్కడిదండీ?" అన్నాడు. రంగనాథానికి కళ్ళు చెమ్మగిల్లాయి. జన్మలో మొదటిసారి ఒక మనిషి తనని ఆ ప్రశ్న అడిగాడు! ఆఫీసరును చెయ్యి పట్టి కిందికి తీసుకుపోయి కాఫీ ఇప్పించి, ఇచ్చిన ఫారాలన్నీ పెళ్ళికొడుకు మాదిరి సిగ్గుపడుతూ నింపాడు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఆయనకు టైపు రాదు. "జయంతీ, రోజూ మధ్యాహ్నం ఒక గంట నాతో మన వేలు కంప్యూటర్ షాపుకి రామ్మా. నేను చెప్తా, నువ్వు కొట్టు."

"నాకు పనుండాది."

"తొమ్మిదిమంది పిల్లలకి ఏం పనమ్మా? మధ్యాహ్నం ఎవురూ రారు కదా."

నిజమే, రారు. ఆ నిజానికి ఇంకా ఒళ్ళు మండింది. పోయింది.

వేలు బ్రౌజింగ్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లు, నాలుగు పచ్చ కర్టెన్లు ఉండేవి. ఫోను లైను కలిసేటప్పుడు పిల్లి తోక తొక్కినట్టు ఒక అరుపు వచ్చేది. షాపు నడిపే వేలుకు ముప్పయ్యేళ్ళు, నోట్లో ఎప్పుడూ పాన్‌పరాగ్.

"సార్, లైన్ పోచ్చు సార్."

"నా పాఠం మధ్యలో లైన్ తీసే అధికారం నీకెవురిచ్చినారప్పా?"

"నానా సార్ తీసింది? నేను కాదు, టెలిఫోనోడు!"

"అయితే వాడి నంబరియ్యి."

"వాడికి ఫోన్ చెయ్యాలంటే లైన్ కావాలి కదా సార్!"

రంగనాథం పది నిమిషాలు దీని గురించే ఆలోచించాడు.

పాఠాలు చెప్పే ప్రొఫెసరు హోవెల్ అని ఒక ఆవిడ. మొదటి వారమే ఆమె దగ్గరనుంచి జాబు వచ్చింది. "డియర్ మిస్ రంగనాథం" అని మొదలైంది. పదకొండేళ్ళలో మొదటిసారి జయంతి చిన్నాయన ముందు నవ్వు ఆపుకోలేకపోయింది.

"చిన్నాయనా, ఆమె నిన్ను ఆడమనిషి అనుకుంటా ఉండాది. దిద్దమంటావా?"

"వేణాంలే, వద్దు. దూరదేశం మనిషి, మన పేర్లు వాళ్ళకేం తెలుసు? మనం దిద్దబోతే ఆమెకి సిగ్గుగా ఉంటాది."

మెడ్రాసులో పేరుకు ముందు తండ్రి పేరులో ఒక అక్షరం, తర్వాత మన పేరు, అంతటితో సరి. ఆ దేశపు ఫారాల్లో ముందుపేరు వేరు, చివరిపేరు వేరు. ఫారం వేలు చేత నింపించాడంట. వేలు ఎక్కడ ఏం కొట్టాడో ఆ పెరుమాళ్ళకే తెలియాలని జయంతి ఊరుకుంది.

చదువు సాగిన తీరు చెప్పాలి. రంగనాథం ప్రింటు తీసిన పాఠం చేతిలో పట్టుకుని, రెండో పేజీలో నిద్రపోయేవాడు. లేచి, "ఏం చెప్పిందమ్మా?" అనేవాడు. ఆమె మొత్తం చదివి తెలుగులో చెప్పాలి. "బుర్రకెక్కలా. మళ్ళా చెప్పు." రెండోసారి చెప్పాలి. "అంటే ప్రెసిడెంటు సంతకం పెట్టకపోతే సభ ఏం చేస్తాది? ఆడ కొంచెం తడబడినావు, ఇంకొకసారి చెప్పు." మూడోసారి చెప్పేసరికి ఆమెకు ఆ పాఠం కంఠతా వచ్చేది. తర్వాత ఆయన జవాబు చెప్పేవాడు. ఆ జవాబులో హార్బరూ, మాధవరం బస్సూ, తీర్థం ఉద్ధరిణె అన్నీ ఉండేవి, అమెరికా తప్ప. ఆమె పళ్ళు నూరుకుంటూ తనకు తోచింది ఇంగ్లీషులో రాసి పంపేది. ఎ మైనస్ వచ్చేది.

"చూసినావా, నా తెలివి!" అనేవాడు. ఆమెకు ఆ కీబోర్డు ఆయన నెత్తిన వెయ్యాలనిపించేది.

వీటో పాఠం వచ్చిన వారం ఇంట్లో ఉప్మా గండం వచ్చింది. శుక్రవారం పెద్దమ్మ ఉప్మా కలుపుతుంటే రంగనాథం వంటింటి గడప మీద నిలబడి, "వీటో" అన్నాడు.

"ఏందిరా అది?"

"ఉప్మా చెయ్యకూడదని అర్థం. కానీ వదినా, మీలో మూడింట రెండొంతులమంది మళ్ళా కావాలంటే నేను తల వంచాల్సిందే."

పెద్దమ్మ, వెంకట్రామ్, జయంతి ముగ్గురూ ఉప్మాకే చెయ్యెత్తారు. రంగనాథం రెండు ప్లేట్లు తిని, పద్ధతి ప్రకారం ఓడిపోతే ఉప్మా కూడా రుచిగానే ఉంటుందన్నాడు. అంతలో వసారాలో వరదయ్య దగ్గు వినబడింది. రంగనాథం ప్లేటు కింద పెట్టి, గొడుగు చంకలో పెట్టుకుని, దొడ్డిదారిన మాయమైపోయాడు. వరదయ్య ఓట్లు వేసే రకం కాదు, ఓట్లు అక్కర్లేని రకం. ఊళ్ళో అందర్నీ అడిగిన ఈ పెద్దమనిషి తన అన్నను ఒక్కసారీ అడిగి ఎరగడు. జయంతి ఉప్మా మింగుతూ, థూ అనుకుంది.

ఆరో వారం ప్రశ్న వచ్చింది. అధికారానికి అడ్డూ ఆపూ లేని చోటు ఒకటి మీకు తెలిసింది రాయండి, అక్కడ ఎవరు అడ్డుపడి ఉండవచ్చో చెప్పండి అని. రంగనాథం ఏదో చెప్పబోయాడు. "నువ్వు ఊరికే ఉండు చిన్నాయనా" అని ఆమె టైపు కొట్టడం మొదలుపెట్టింది. లైను రెండుసార్లు పోయింది, ఆమె ఆగలేదు. నాలుగు పేజీలు అయింది.

"ఏం రాసినావో చదివి చెప్పు" అన్నాడు.

కావాలనే చెప్పింది. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి, ఆయన మొహంలోకి చూస్తూ చదివింది. "ఒక ఇంట్లో ఒక పెద్ద ఉండేవాడు. సభా ఆయనే, కోర్టూ ఆయనే. ఒక ఆడపిల్ల చదువు ఆయన ఒక విస్తరి ముందు రద్దు చేశాడు. ఆ ఇంట్లో ఎవరినైనా ప్రశ్న అడిగే సభ్యుడు ఒకడుండేవాడు. ఊరంతా ఆయన్ను చూసి భయపడేది. ఆ రోజు ఆయన ఓటు వెయ్యలేదు. రసం అడిగాడు."

ఆ రోజు రంగనాథం నిద్రపోలేదు. కర్టెన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్క కంప్యూటర్లో ఎవడో పెళ్ళిచూపుల ఫోటోలు చూస్తున్నాడు, ఫ్యాన్ గిర్రుగిర్రుమంటోంది.

"పంపమ్మా. మార్కులు వస్తాయి" అన్నాడు చివరికి. పోయేటప్పుడు వేలును ఏమీ అడగలేదు. వేలు భయపడిపోయి, "అక్కా, సార్‌కి ఒడంబు సరిలేదా?" అన్నాడు.

"ఒంటికేం రోగం లేదులే" అంది జయంతి. దెబ్బ తగిలిందని సంతోషించాలనుకుంది. కుదరలేదు. దానికి కూడా కోపం వచ్చింది.

ఇక పరీక్ష. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఎదుట కూర్చుని రాయాలంట. లైబ్రేరియనో, హెడ్మాస్టరో, నోటరీయో, గుడి పూజారో అయి ఉండాలి. ప్రశ్నపత్రం సీలు వేసి ఆ పెద్దమనిషి పేర వస్తుంది. లైబ్రేరియన్ రంగనాథాన్ని దూరాన్నుంచి చూసి షట్టర్ దించేశాడు. హెడ్మాస్టరు లీవు పెట్టాడు. నోటరీ, "పరీక్ష చూసుకునే అధికారం నాకెవరిచ్చారని ఆఖరి గంట కొట్టాక అడుగుతావు, నేను రాను నాయనా" అన్నాడు. అడగని మనిషి చింతాద్రిపేటలో లేడు కాబట్టి, చివరికి భట్టర్ ఒక్కడే దిక్కయ్యాడు.

ఆగస్టు రెండోవారంలో పెరుమాళ్ కోవెల ఆఫీసు గదిలో పరీక్ష. పక్కనే ప్రసాదాలు వండే మడపళ్ళి, పులిహోర తాలింపు వాసన. జయంతి చిన్నాయన చెప్పింది రాయడానికే వచ్చాననుకుంటోంది. భట్టర్ పంచకచ్చం సర్దుకుని, కవరు పెరుమాళ్ళ పాదాల దగ్గర పెట్టి తెచ్చి, చింపి, కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు.

"జయంతి రంగనాథం. ఉక్కారు అమ్మా, కూర్చో. రంగనాథా, నువ్వు వెలియే పో. అభ్యర్థి తప్ప ఎవురూ ఉండకూడదని రాసుండాది."

జయంతి కాయితం లాక్కుని చూసింది. తన పేరే. ముందుపేరు జయంతి, చివరిపేరు రంగనాథం. అన్ని జాబులూ, అన్ని మార్కులూ, ఆ మిస్ రంగనాథమూ, అంతా ఆమే.

"నన్నడక్కుండా నా పేరు కట్టే అధికారం నీకెవురిచ్చినారు?" అని అరిచింది. కోవెలంతా వినబడింది.

రంగనాథం గొడుగు పిడి తిప్పుతూ నిలబడ్డాడు. "ఎవురూ ఇవ్వలేదమ్మా. అందుకే చెప్పలా. చెప్తే నువ్వు వేణాం అనేదానివి. నా చేత్తో పకోడీ తీసుకోవు, చదువు తీసుకుంటావా? బుట్టలో నువ్వు చింపిన ఉత్తరం అంటించుకుని చదివినా. ఆగస్టు ఆఖరన్నాడు కదా."

"మరి నా ఇనీషియలు జీ. నాయన పేరు పెట్టకుండా నీ పేరెందుకు పెట్టినావు?"

"గురన్న పేరే చెప్పబోయినానమ్మా వేలుకి. నోరు రాలా. ఆ రోజు విస్తరి ముందర నోరు మూసుకున్నోడికి మా అన్న పేరు వాడుకునే హక్కేడిది? నా పేరైతే నా సొంతం కదా, ఎవుర్నీ అడగబన్లేదు."

 జయంతికి ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. రెండింటికీ టైము లేదు, భట్టర్ గోడగడియారం చూపిస్తున్నాడు. కూర్చుని రాసింది. మూడు గంటలు భట్టర్ కన్నార్పలేదు. మడపళ్ళి నుంచి పులిహోర వస్తే, "పరీక్ష ముగిసిందాకా ప్రసాదం కూడా కాపీ కిందే లెక్క" అని వెనక్కి పంపేశాడు. టైము కాగానే గుడిగంట కొట్టించాడు.

బి ప్లస్ వచ్చింది. వేలు ఆ కాయితం ప్రింటు తీసి డబ్బు తీసుకోలేదు. జయంతి దాన్ని పట్టుకుని నుంగంబాకం పోయింది. ఉద్యోగం ఇచ్చారు, సోమవారం రమ్మన్నారు.

ఆవణి పుట్టిన మూడో రోజు మిషన్లు పోయాయి. పొద్దున్నే చేబండి వచ్చింది. పదకొండు మిషన్లూ గోనెలు కప్పుకుని గుమ్మం దాటాయి. ఆఖరిది గురుప్రసాద్ సొంతానికి వాడుకున్నది, దాన్ని ఉంచుకుంటానని జయంతి అడిగితే, సెట్టు విడిపోతే రేటు రాదన్నాడు వరదయ్య. అది కూడా పోయింది. ముందుగదిలో నాలుగు స్టూళ్ళూ, గోడ మీద మరకలూ మిగిలాయి. వెంకట్రామ్ టేపు పట్టుకుని గాజు షోకేసుకు కొలతలు తీస్తున్నాడు.

జయంతి ఆర్డరు కాయితం పెద్దనాయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"నుంగంబాకం యాడ, ఇల్లు యాడ? వేణాం. పెద్దమ్మకు మోకాళ్ళు బాగలేవు. ఉద్యోగం గిద్యోగం ఏం వద్దు, ఇంట్లో ఉండు" అని, చేబండివాణ్ణి తాడు బిగించమని కేకేశాడు. ఆయన మటుక్కి ఆ విషయం అయిపోయింది.

మూల స్టూలు మీదనుంచి రంగనాథం లేచాడు.  గొడుగు జారి పడితే తీసుకోలేదు.

"అన్నా" అన్నాడు.  మళ్ళీ అన్నాడు. "అన్నా. ఆ అధికారం నీకెవురిచ్చినారు?"

వెంకట్రామ్ చేతిలో టేపు టక్కున చుట్టుకుపోయింది. వరదయ్య తమ్ముడి వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా చూశాడు. అరుస్తాడనుకున్నారంతా. అరవలేదు, నవ్వాడు.

"ఎవురిచ్చినారా? నువ్వే ఇచ్చినావు కదరా! ఆ రోజు నేను మాట చెప్పినప్పుడు విస్తరి దగ్గిర నువ్వూ కూర్చునుంటివి కదా. నోరెత్తినావా? లేదే. అంటే సరే అన్నట్టే కదా. అప్పుడిచ్చి ఇప్పుడడుగుతావా?"

ముప్పయ్యేళ్ళుగా ఊరందర్నీ అడిగినవాడికి ఇంత సరైన జవాబు ఎవరూ చెప్పలేదు. రంగనాథం మొహం తెల్లబడింది. జయంతి తల దించుకుంది. అయిపోయింది, జవాబు వచ్చింది, ఇక ఈయన దణ్ణం పెట్టి లోపలికి జరుగుతాడు.

"నిజమే అన్నా" అన్నాడు రంగనాథం. "నేనే ఇచ్చినా. ఇప్పుడు వాపసు తీసుకుంటా ఉండా."

"ఏందీ?"

"వాపసు తీసుకుంటా ఉండా. బిడ్డ సోమవారం ఉద్యోగానికి పోతాది."

అని, ఇంకొక్క క్షణం అక్కడ ఉంటే ప్రాణం పోతుందన్నట్టు, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగు తీశాడు. అరవైరెండేళ్ళ మనిషి! చేబండిని దాటుకుని, పూలంగడి దాటుకుని, మలుపు తిరిగేదాకా ఆగలేదు.  వరదయ్య లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వీరుడు మూడు రోజులు ఇంటికి రాలేదు. అన్న ఎదురుపడితే ఏమవుతుందోనని భయం. వేలు షాపులో ఆఖరి కర్టెన్ వెనక చాప వేసుకున్నాడు, భోజనం మెస్సులో. కంప్యూటర్ కావాలని వచ్చినవాళ్ళు కర్టెన్ తీసి, బనీనులో ఉన్న పెద్దాయన్ను చూసి మూసేసేవాళ్ళు.

సోమవారం వచ్చింది. జయంతి తయారై హాల్లోకి వచ్చేసరికి వరదయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు దించలేదు. పేపరు వెనకనుంచి పెళ్ళాంతో, "దానికి బస్సు ఎన్నింటికంటా? డబ్బా కట్టినావా?" అన్నాడు.  పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూనే రెండు డబ్బాలు కట్టి ఇచ్చింది.

రెండో డబ్బా పట్టుకుని జయంతి వేలు షాపుకు పోయింది. కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పడమెందుకు? సగం పోయింది. తండ్రి మిషను పోయిన గోడు అట్లాగే ఉంది, పదకొండేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వరు. కానీ పొద్దున్నుంచి ఈ ముసలాయన ఏం తిన్నాడోనని మనసు కొట్టుకుంటోంది, దాన్ని మాత్రం ఏం చేస్తుంది?

కర్టెన్ తీసింది. రంగనాథం చాప మీద లేచి కూర్చుని, ఆమె కట్టుకున్న కొత్తచీరనూ భుజానికున్న సంచినీ చూశాడు. మొహం చాటంతైంది.

"పెరుగన్నం, మావిడికాయ ఊరగాయ. తిని ఇంటికి పో చిన్నాయనా. పెద్దనాయన కోపం తగ్గింది."

"తగ్గిందా? ఎవురు చెప్పినారు?"

"నేను చెప్తా ఉండా."

రంగనాథం తల పక్కకు వంచాడు. వేలు పాన్‌పరాగ్ నమలడం ఆపి చూశాడు.

"సరే అయితే" అన్నాడు రంగనాథం. డబ్బా మూత తీశాడు. "ఊరగాయ ఇంత కొంచెమే పెట్టిందేం, మీ పెద్దమ్మ?"